జర్దోసి పనితో పట్టు చాజుబుల్ చేయించడం ఎలా?

గురుపట్టాభిషేకానికో, విచారణ (పారిష్) పండుగకో ఫాదర్ గారికి పట్టు చాజుబుల్, అంటే పూజలో అన్నిటికీ పైన వేసుకునే వదులైన వస్త్రం పెడదామనుకునేవాళ్లు హైదరాబాదులో మొదట వెళ్లేది పెళ్లి బ్లౌజులకు మగ్గం వర్క్ చేసే షాపుకే. వెళ్లడంలో తప్పు లేదు. పాతబస్తీలో చట్రం మీద గుడ్డ బిగించి లోహపు తీగతో జర్దోసి కుట్టే కార్చోబ్ పనివాళ్ల చేతికి రాని కుట్టు అంటూ లేదు. కాకపోతే, మనకేం కావాలో విడమరిచి చెప్పకపోతే వాళ్లు బ్లౌజు లెక్కలోనే చేసిపెడతారు. బ్లౌజును మూడడుగుల దూరం నుంచి చూస్తారు, ఒక పూట కట్టుకుని బీరువాలో పెట్టేస్తారు. చాజుబుల్‌ను వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు కూడా చూడాలి. వేసుకున్నాయన చేతులు చాపుతారు, మోకరిస్తారు, కూర్చుంటారు, పానపాత్ర ఎత్తుతారు, కొవ్వొత్తుల పక్కనే తిరుగుతారు. ఏళ్ల తరబడి ప్రతి పండుగకూ అదే వస్త్రం బయటికి వస్తుంది.

అందుకని మొదటి మాట: ఎంబ్రాయిడరీని ఒంటి గుడ్డ (వస్త్రం అసలు గుడ్డ) మీద చేయించకండి. విడిగా పట్టీల మీద చేయించి, తర్వాత ఆ పట్టీలను వస్త్రానికి కుట్టించండి. గుడ్డ చిరిగితే పట్టీ విప్పి కొత్తదానికి వేసుకోవచ్చు. పట్టీ పాడైతే గుడ్డ మిగులుతుంది. అడ్డా (కుట్టే చట్రం) మీద బిగించేది చిన్న ముక్కే కాబట్టి పట్టు సాగదు, ముడతలు పడదు. కింద చెప్పే కొలతలన్నీ ఈ పద్ధతికే.

ఫాదర్ గారిని ముందే అడగాల్సినవి

రంగు సంగతి మీ ఇష్టానికి వదిలేసింది కాదు. మిస్సల్ (పూజాగ్రంథం) సాధారణ సూచనల 346వ అంశంలో ఏ కాలానికి ఏ రంగో రాసి ఉంది. క్రిస్మస్‌కూ పాస్కాకూ (ఈస్టర్) తెలుపు. మట్టల ఆదివారం, పవిత్ర శుక్రవారం, పెంతెకోస్తు, వేదసాక్షుల పండుగలకు ఎరుపు. సామాన్య కాలానికి ఆకుపచ్చ. క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలానికీ, పాస్కా ముందు వచ్చే తపస్సు కాలానికీ ఊదా. గులాబీ రంగు ఏడాదికి రెండే ఆదివారాలు వేసుకోవచ్చు: ఆగమన కాలంలో మూడోది, తపస్సు కాలంలో నాలుగోది. దాని మీద డబ్బు పోయడం దండగ. పెద్ద పండుగల్లో ఆ రోజు రంగు కాకపోయినా మేలైన వస్త్రం వేసుకోవచ్చని అదే అంశం చెబుతుంది. కాబట్టి ఒక్కటే చేయించే స్తోమత ఉంటే మీగడ తెలుపు గుడ్డ మీద బంగారు పట్టీ ఎంచుకోండి. క్రిస్మస్, పాస్కా, విచారణ పండుగ, పట్టాభిషేకం అన్నింటికీ అదే సరిపోతుంది.

344వ అంశం కూడా కారిగర్ (పనివాడు) దగ్గరికి వెళ్లే ముందు గుర్తుంచుకోదగ్గదే. వస్త్రం అందం గుడ్డ నాణ్యతలో, కోతలో ఉండాలి తప్ప అలంకారం గుప్పించడంలో కాదంటుంది. బరువు తగ్గించమని ఫాదర్ గారు అడిగితే మీరు నొచ్చుకోకుండా ఉండటానికి కూడా ఇది పనికొస్తుంది.

ఇక ఆయన ఎత్తు, చేతుల చాపు, తల చుట్టుకొలత రాసుకోండి. కాలర్ మైకు వాడతారా, చేతి మైకా, బలిపీఠం మీద స్టాండు మైకా అనేది అడగడం మరిచిపోవద్దు. ఎందుకో కింద వస్తుంది.

గుడ్డ ఎంత, ఎలాంటిది

44 అంగుళాల పన్నా ఉన్న ఒకే రంగు రాసిల్క్ ఆరు గజాలు, అంటే ఐదున్నర మీటర్లు తీసుకోండి. పట్టీలకు వేరే రంగు రాసిల్క్ మీటరూ ముప్పావు. పత్తర్‌గట్టిలోనూ సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనూ రెండూ దొరుకుతాయి. ఆరు గజాలూ ఒకే తానులోంచి కోయించుకోండి. తర్వాత తక్కువైందని మళ్లీ వెళితే అదే రంగు దొరకదు.

రాసిల్క్ ఎందుకంటే దానికి తనంతట తానుగా నిలిచే బిగువు ఉంటుంది, అదే సమయంలో మడతలు మెత్తగా జారుతాయి. శాటిన్ కొవ్వొత్తి వెలుగుకు మరీ మెరిసిపోతుంది, కూర్చుని లేస్తే వెనక గీతలు పడతాయి. నిండా బుటాలున్న బనారసీ బ్రొకేడ్ కొంటే దాని మీద జర్దోసి కనిపించదు. బ్రొకేడ్ మీద మనసుంటే జర్దోసి మానేసి సాదా జరీ లేసుతో సరిపెట్టండి.

రెండు రంగుల నేత పట్టు విషయంలో జాగ్రత్త. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉన్న గుడ్డను టైలరు పొదుపు కోసం ఒక ముక్క తలకిందులుగా వేసి కోస్తే, వేసుకున్నప్పుడు కుడి సగం ఒక ఛాయ, ఎడమ సగం ఒక ఛాయ కొడతాయి. నాలుగు ముక్కలూ ఒకే దిశలో పడాలని సుద్దతో బాణం గుర్తు పెట్టించండి. ఊదా కొనేటప్పుడు షాపు బయటికి తెచ్చి ఎండలో చూడండి. ట్యూబ్‌లైటు కింద ఊదాలా కనిపించేది ఎండలో వంకాయ రంగో నీలమో అవుతుంటుంది.

రంగు దిగుతుందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. తడిపి పిండిన తెల్ల నూలుగుడ్డతో మూల మీద ఇరవైసార్లు రుద్దండి. ఎరుపు, మెరూన్ పట్టీలకు ఈ పరీక్ష తప్పనిసరి. తెల్ల వస్త్రం మీద ఎర్ర పట్టీ వేస్తే మే నెల చెమటకు అంచుల వెంబడి గులాబీ చార వస్తుంది, అది ఇక పోదు.

ఒంటికి లైనింగు వద్దు. కింద ఎలాగూ ఆల్బ్ (పొడవాటి తెల్ల అంగీ) ఉంటుంది. ఏప్రిల్ ఎండల్లో మట్టల ఆదివారం ఊరేగింపు చేసే ఊళ్లో లైనింగున్న పట్టు వేయించడం ఫాదర్ గారి మీద పగ తీర్చుకోవడమే. మెడకూ కింది అంచుకూ లోపలి పట్టీ చాలు.

కొలతలు, కోత

సుమారు ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషికి ఇవి సరిపోతాయి. ముందు పొడవు మెడ నుంచి 50 అంగుళాలు, వెనక 52. రెండు చేతుల వైపు అంచుల మధ్య వెడల్పు 58 నుంచి 60. భుజం గీత మెడ దగ్గర మొదలై చివరికి వచ్చేసరికి 7 నుంచి 8 అంగుళాలు కిందికి దిగాలి. ఈ వాలు పెట్టకుండా అడ్డంగా కోసేస్తే మెడ దగ్గర గుడ్డ గుట్టలా పోగుపడుతుంది, చేతులు ఎత్తినప్పుడల్లా వస్త్రం వెనక్కి జారుతుంది. బ్లౌజు టైలర్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

గుడ్డను 54 అంగుళాల చొప్పున నాలుగు ముక్కలు చేయండి. ముందుకు రెండు, వెనక్కి రెండు. ఒక్కో ముక్కలో 30 అంగుళాల వెడల్పు వస్త్రానికి పోతుంది, పక్కన 14 అంగుళాల పట్టీ మిగులుతుంది. మిగిలినదాన్ని టైలరు దగ్గర వదిలి రావద్దు. స్టోల్ (చాజుబుల్ కింద మెడలో వేసుకునే పొడవాటి పట్టీ) అందులోంచే రావాలి.

నడుమ కుట్టు ముందూ వెనకా నిలువుగా వస్తుంది. దాన్ని దాచేది ఎంబ్రాయిడరీ పట్టీయే, కాబట్టి అతుకు కనిపిస్తుందన్న బెంగ అక్కర్లేదు. పక్కల కింది మూలలు గుండ్రంగా తిప్పాలి.

మెడ: మధ్య గీత నుంచి ఇటు నాలుగున్నర, అటు నాలుగున్నర, ముందు లోతు ఆరున్నర, వెనక ఒక అంగుళం. చుట్టుకొలత దాదాపు 26 వస్తుంది, కళ్లద్దాలతో సహా తల పడుతుంది. జిప్ పెట్టనివ్వకండి, ఆల్బ్‌నూ జుట్టునూ పట్టుకుంటుంది.

డిజైను, ఖాకా

పట్టీ వెడల్పు 6 అంగుళాలు, పొడవు మెడ నుంచి కింది అంచు దాకా. ముఖ్యమైన గుర్తు ఎక్కడ పెట్టాలన్నది బలిపీఠం తేలుస్తుంది. బలిపీఠం వెనక నిలబడ్డాయన నడుము కింది భాగం జనానికి కనిపించదు. కనుక ముందు పట్టీలో ప్రధాన చిహ్నం మధ్యభాగం మెడ కింది నుంచి 9, 10 అంగుళాల దగ్గర, రొమ్ము మీద రావాలి. కింది సగానికి సాదా తీగ, నాలుగు గోధుమ కంకులు చాలు. అక్కడ బరువైన పని పెడితే బలిపీఠం అంచుకు రాసుకుని తెగుతుంది కూడా. వెనక పట్టీ మాత్రం ఊరేగింపులో తల నుంచి కాలి దాకా కనిపిస్తుంది. పని ఎక్కువ చేయించాలని ఉంటే అక్కడ చేయించండి.

గుర్తులను నిజ పరిమాణంలో కాగితం మీద గీసి ఇవ్వండి. ఫోన్‌లో బొమ్మ చూపిస్తే సరిపోదు. సిలువ గీసి ఇవ్వకపోతే నాలుగు చేతులూ సమానంగా కూడిక గుర్తులా వేస్తారు. కింది కాడ పొడవుగా ఉండాలి. ఖాకా అంటే గీతల వెంట సూదితో చిల్లులు పొడిచిన ట్రేసింగ్ పేపర్. దాన్ని గుడ్డ మీద పరిచి, ముదురు రంగు గుడ్డకైతే కిరోసిన్‌లో కలిపిన జింక్ పౌడర్, లేత రంగుకైతే నీలం అద్దుతారు. కాగితం ఏ వైపు తిప్పినా చిల్లులు ఒకేలా ఉంటాయి, ప్రమాదమంతా అక్కడే. తిరగబడితే కై-రో (గ్రీకులో క్రీస్తు పేరు మొదటి రెండు అక్షరాలు కలిపిన) గుర్తులో ‘పి’ బొడిపె ఎడమకు పోతుంది. అది చూసేవాళ్ల కుడివైపు ఉండాలి. ఏసు పేరుకు గుర్తైన ఐహెచ్ఎస్‌లో ‘ఎస్’ తిరగబడుతుంది. గ్రీకు వర్ణమాల మొదటి, చివరి అక్షరాలైన ఆల్ఫా, ఒమేగా మరీ మోసం: పెద్దక్షరాలు రెండూ అద్దంలో చూసినా అలాగే ఉంటాయి కాబట్టి వరస మారిందని కుట్టు అయ్యేదాకా ఎవరికీ తట్టదు. ఖాకా పై మూల మీద ‘పైకి’ అని బాణంతో రాయండి. తెలుగు అక్షరం సరిగ్గా చదవగలిగితేనే కాగితం సరైన వైపున్నట్టు.

అద్దకం వేయించే ముందు ఇంకో పని. ఆ కాగితాన్ని గుడిలో బలిపీఠం దగ్గర ఎవరినైనా పట్టుకోమని, మీరు చివరి బెంచీలో కూర్చుని చూడండి. గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ లాంటి పొడవైన దేవాలయంలో ఒక అంగుళం ద్రాక్షగుత్తి మరకలా కనిపిస్తుంది. ద్రాక్షపండు ఒక్కోటి పావు రూపాయి బిళ్ల కన్నా చిన్నగా ఉండకూడదు. తెలుపు మీద బంగారం దూరానికి కలిసిపోతుంది, కాబట్టి ప్రతి ఆకారం చుట్టూ మెరూన్ లేదా ముదురు గోధుమ రంగు పట్టుదారంతో అంచు గీత వేయించండి. ఇది చిన్న ఖర్చు, తేడా మాత్రం చాలా ఉంటుంది.

మనుషుల ముఖాలు వద్దు. మధ్యయుగపు ఇంగ్లండులో ఓపస్ ఆంగ్లికానమ్ అనే చర్చి ఎంబ్రాయిడరీ పనివాళ్లు ముఖాలను సన్నటి పట్టుదారంతో, దారాన్ని మధ్యకు చీల్చుకుంటూ కుట్టేవాళ్లు. బంగారు తీగను బట్టలకూ నేపథ్యానికీ ఉంచేవాళ్లు. జర్దోసి తీగతో ఏసు ముఖం కుట్టిస్తే ముక్కు, కనుబొమలు గడ్డకట్టినట్టు వస్తాయి. గొర్రెపిల్ల, పావురం, కంకులు, తామర బాగా వస్తాయి. తామర మన ఉస్తాదుల చేతికి అలవాటైన పువ్వు కూడా.

సామాను

దబ్కా, నక్షీ, కోరా, చిక్నా అనే స్ప్రింగులా చుట్టిన తీగ రకాలను తూకానికి అమ్ముతారు. కోరా మెరుపు తక్కువ, చిక్నా మెరుపు ఎక్కువ. రెండూ పక్కపక్కన వాడితే రంగు మార్చకుండానే ఆకుకూ కాడకూ తేడా తెలుస్తుంది. జరీ మూడు రకాలని గుర్తుంచుకోండి. అసలు జరీలో వెండి తీగ మీద బంగారు పూత ఉంటుంది. ఇమిటేషన్‌ది రాగి తీగ మీద పూత. మూడోది మెరిసే పాలిస్టర్. రాగిది మొదట్లో అసలుదాని కన్నా ఎక్కువ మెరిసి, చెమట, సెంటు, వానాకాలపు తేమ తగిలేకొద్దీ నల్లబడుతుంది. అసలుది కొనలేకపోతే రాగి కన్నా మంచి పాలిస్టర్ కసబ్ (జరీ దారం) నయం. కనీసం నల్లబడదు.

కుందన్ రాళ్లు, గమ్ముతో అంటించే చమ్కీలు, విడి పూసలు ఒక్కటి కూడా వద్దు. ఈ విషయంలో మొహమాటపడకండి. బలిపీఠం మీద తెల్లగుడ్డపై దివ్యసత్ప్రసాదం (పూజలో పవిత్రపరిచిన అప్పం) ఉంటుంది, పక్కనే పానపాత్ర మూత తీసి ఉంటుంది. ఫాదర్ గారు దాని మీదికి వంగినప్పుడు ఊడిన రాయి ఎక్కడ పడుతుందో ఊహించుకోండి.

అడ్డా మీద

మీటరూ ముప్పావు గుడ్డ వెనక ఉతికి ఆరబెట్టిన నూలు కాన్వాస్ వేసి, రెండూ కలిపి అడ్డాకు బిగించాలి. ఉతకని కాన్వాస్ తర్వాత ఎప్పుడో తేమ తగిలి కుదించుకుపోతుంది, దాంతో పట్టీ మొత్తం ముడుచుకుంటుంది. పేస్టింగ్ బక్రం ఇస్త్రీ వేడికి అంటుకుంటుంది గానీ కొన్నాళ్లకు బుడగలు లేస్తుంది. 44 అంగుళాల పన్నాలో ముందు పట్టీ, వెనక పట్టీ, స్టోల్ చివరలకు రెండు ముక్కలు పక్కపక్కన పడతాయి. ఒక్కోదాని మధ్య రెండంగుళాలు వదిలించండి. పని పూర్తయ్యాకే కత్తిరించాలి, ముందు కాదు.

గుడ్డ నేత అడ్డా కర్రకు సమాంతరంగా ఉందో లేదో మొదటి రోజే వెళ్లి చూడండి. వాలుగా బిగించి కుడితే విప్పాక పట్టీ మెలితిరుగుతుంది, ఏ ఇస్త్రీకీ సరికాదు.

ఆరి సూదితో (కొన కొక్కెంలా ఉండే సూది) వేసే గొలుసుకుట్టు వేగంగా సాగుతుంది, కూలీ తక్కువ. కానీ ఒక చోట దారం తెగితే ఆ చివర నుంచి గొలుసంతా ఊడి వస్తుంది. కాబట్టి ఆరి పనిని లోపలి నింపుడుకే ఉంచి, అంచు గీతలనూ సిలువనూ మామూలు సూదితో చేయించండి: జంట కసబ్ తీగను పైన పరిచి, సన్నని దారంతో సుమారు ఎనిమిదో వంతు అంగుళానికి ఒకసారి పట్టి కుట్టడం. ఆ పట్టుకుట్లు దూరమైతే తీగ లేచి మైకు క్లిప్పుకూ గోటికీ చిక్కుకుంటుంది. సిలువ ఎత్తుగా రావాలంటే కింద నూలుతాడో పసుపు ఫెల్టు ముక్కో పెడితే చాలు. దూది వద్దు, అణిగిపోతుంది. దబ్కా ముక్కలు మరీ పొడవుగా కోస్తే వంగినచోట నోరు తెరుచుకుని లోపలి దారం బయటపడుతుంది. పక్కపక్క రేకుల్లో తీగ దిశ మార్చమని చెప్పండి, వెలుగు ఒక్కో రేకు మీద ఒక్కోలా పడుతుంది. పూర్తి వస్త్రం కిలోన్నర దాటకూడదన్న లెక్క పెట్టుకోండి. పట్టీలు విప్పగానే వంటింటి కాటా మీద తూచుకుంటే సరి.

మెడ కింద ముందు పట్టీ మొదటి రెండంగుళాలూ పని లేకుండా వదిలేయాలి. కాలర్ మైకు అక్కడే తగులుతుంది. తీగ పని ఉంటే క్లిప్పు దాన్ని చింపుతుంది, కదిలినప్పుడల్లా స్పీకర్లో గరగర.

టైము గురించి ఒక్క మాట. పెళ్లి ముహూర్తాల నెలల్లోనూ, రంజాన్ పండుగ ముందటి వారాల్లోనూ కార్ఖానాలు ఊపిరాడకుండా ఉంటాయి, పండుగయ్యాక కొన్ని రోజులు మూస్తారు. పాస్కాకు కావాలంటే క్రిస్మస్ వెళ్లగానే పని అప్పగించండి. అడ్డా మీద ఎంతమంది కూర్చుంటారు, ఎన్ని రోజులు అన్నదాని మీదే ధర తేలుతుంది కాబట్టి ఆ రెండూ కాగితం మీద రాయించుకోండి.

కుట్టడం

క్రమం ఇది. ముందు నడుమ కుట్లు రెండూ వేసి, అంచులు విప్పి ఇస్త్రీ చేయాలి. తర్వాత పట్టీలను కుట్టు మీద పరిచి, మధ్య గీత కలిసేలా కచ్చాకుట్టు వేసి, అంచులను చేత్తో కుట్టాలి. లేసు వేసేట్టయితే రెండు అంచులూ పై నుంచి కిందికే కుట్టించండి. ఒకటి పైనుంచి, ఇంకోటి కిందినుంచి కుడితే పట్టీ పక్కకు మెలిపడుతుంది. లేసును లాగి కుట్టడం ఇంకా అన్యాయం, గుడ్డ అలలు అలలుగా తేలుతుంది. ఆ తర్వాత భుజాలు, మెడ.

కింది అంచు అప్పుడే మడవకండి. వెడల్పాటి హేంగరుకు రెండు రాత్రులు వేలాడదీయండి. పక్కలు ఏటవాలు కోత కాబట్టి గుడ్డ తన బరువుకు సాగి అక్కడక్కడ కిందికి దిగుతుంది. అప్పుడు సమం చేసి మడవాలి. ఇస్త్రీ ఎప్పుడూ వెనక నుంచే, కింద మందపాటి టర్కీ టవల్ పరిచి. జరీ మీద ఆవిరి వద్దు.

స్టోల్

మిగిలిన 14 అంగుళాల ముక్కల్లో రెండు చాలు. ఒక్కోదాన్ని ఆరేసి అంగుళాల చొప్పున నిలువుగా రెండు చేస్తే పైగుడ్డ, లోపలి గుడ్డ రెండూ వస్తాయి. తయారయ్యాక వెడల్పు ఐదు, మొత్తం పొడవు సుమారు 106. మెడ వెనక అతుకు నేరుగా వేయకండి. మెడ వైపు అంచు ఒక అంగుళం పొట్టిగా ఉండేలా ఏటవాలుగా కోసి కలిపితే మెడకు అతుక్కుని కూర్చుంటుంది. నేరుగా కుడితే పైకి లేస్తుంది. చివర్లలో ఐదు అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల పొడవున్న ఎంబ్రాయిడరీ ముక్కలు వేయాలి. మెడ వెనక చిన్న సిలువను మాత్రం పట్టుదారంతోనే కుట్టించండి. వేసుకునే ముందు ఫాదర్ గారు దాన్ని ముద్దు పెట్టుకుంటారు, దబ్కా అయితే పెదవికి గీసుకుంటుంది.

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పాస్టరు గారికి చేయించేవాళ్లు ఈ స్టోల్ ఒక్కటే తీసుకుంటే సరిపోతుంది. అప్పుడు ఎంబ్రాయిడరీని పొట్ట దాకా పెంచుకోవచ్చు, పైన చాజుబుల్ కప్పదు కాబట్టి.

వాడకం, భద్రం

చీర మడతలు వేయకండి. ఒకే చోట మడత పడి తీగ విరుగుతుంది. ఉతికిన పాత తెల్ల పంచెను పొడవాటి అట్టగొట్టానికి చుట్టి, దాని మీద వస్త్రాన్ని పని పైకి ఉండేలా చుట్టండి. పని లోపలికి ఉంటే ఎత్తుగా ఉన్న తీగంతా నలుగుతుంది. న్యూస్‌పేపరు, ప్లాస్టిక్ కవరు, కలరా ఉండలు మూడూ దూరం పెట్టాలి. వానాకాలంలో నెలకోసారి నీడలో గాలికి ఆరేయండి.

మైనం పడితే గోకొద్దు. కవరులో ఐసు ముక్క పెట్టి గట్టిపడనిచ్చి పైపొర తీసేసి, మిగిలినదాని మీద బ్లాటింగ్ పేపరు వేసి గోరువెచ్చని ఇస్త్రీ పెట్టండి, అదీ జరీ లేనిచోటే. ద్రాక్షారసం పడితే వెంటనే పొడి గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు, ఉప్పూ సబ్బూ తగిలించకూడదు. ఆరాక మరక మిగిలితే జరీ పట్టీలు ఉన్నాయని ముందే చెప్పి డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. మరీ పెద్ద మరకైతే పట్టీలు విప్పి ఒంటి గుడ్డ మాత్రమే ఇవ్వడం మేలు.

మిగిలిన గుడ్డ ముక్కలు, అర చుట్ట కసబ్, కాస్త దబ్కా, ఖాకా కాగితం ఒక గుడ్డసంచిలో వేసి సాక్రిస్టీలో (గుడిలో పూజావస్త్రాలు ఉంచే గది) వస్త్రంతోపాటే పెట్టండి. ఖాకా మడవకుండా చుట్టి ఉంచండి, మడత దగ్గర చిల్లులు చిరిగితే మళ్లీ అద్దకానికి పనికిరాదు.